హేరోదు కత్తి సరిపోయేది కదా?
(పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

ఈ నెల ఉత్తరాలు దాదాపు అన్నీ ఒకటే సంగతి మీద వచ్చాయి. డిసెంబరు కదా మరి. ఒంగోల్లో మా వీధిలో ఇప్పటికే మూడు సెమీ క్రిస్మస్‌లు అయిపోయాయి, కేకు నాలుగుసార్లు తిన్నాను (షుగర్ ఉంది, మా ఇంట్లో చెప్పొద్దు), మూడు చోట్లా ప్రసంగం మాత్రం ఒకటే విన్నాను: "ఆయన చనిపోవడానికే పుట్టాడు." తప్పని నేననను. కానీ పాఠకులకు అక్కడే ఎక్కడో ముల్లు గుచ్చుకున్నట్టుంది. దేవుడు మనిషిగా ఎందుకు పుట్టాలి అని పోస్టులో కొందరు, వాట్సాప్‌లో కొందరు అడిగారు. ఆరు ప్రశ్నలు తీసుకున్నాను.

*

"మా స్కూల్లో నాతో పనిచేసే సారు ఒకాయన టీ తాగుతూ అడిగాడు. మీ దేవుడు అన్నీ చేయగలవాడే కదా, క్షమించేశాను పొండి అని ఒక్క మాటంటే పోయేదానికి, పుట్టడం, దెబ్బలు తినడం, చావడం, ఇంత తతంగం ఎందుకండీ అని. జవాబు తోచక, బెల్లు కొట్టారని క్లాసుకు వెళ్ళిపోయాను."
– ఒక ఉపాధ్యాయుడు, కందుకూరు

బెల్లు భలే సమయానికి కొట్టారు సార్. ఈసారి ఆయన అడిగితే రొయ్యల చెరువు సంగతి ఎత్తండి, మన వైపు ఎవరికైనా అర్థమవుతుంది.

సముద్రం పక్కన రెండెకరాల వరి చేను ఉన్న రైతు, పక్కవాళ్ళు సంపాదిస్తున్నారని గట్లు పోసి, ఉప్పునీళ్ళు పెట్టి రొయ్యలు వేస్తాడు. రెండు పంటలు బాగుంటాయి. మూడో పంటకు వైరస్ తగులుతుంది, నాలుగోదానికి రేటు పడిపోతుంది, బ్యాంకులో అప్పు కొండలా పెరుగుతుంది. అనుకుందాం, ప్రభుత్వం ఆ అప్పు మాఫీ చేసింది. పాస్‌బుక్కులో సున్నా పడింది. రైతు స్వీట్లు పంచి, గట్లు పడగొట్టించి, మళ్ళీ వరి వేద్దామని నారు నాటిస్తాడు. పది రోజుల్లో నాటిన నారంతా కొసలు మాడి ఎర్రగా పడిపోతుంది. ఎందుకంటే అప్పు కాగితం మీద ఉంది, అది ఒక సంతకంతో పోయింది, ఉప్పు మాత్రం మట్టిలో ఉంది. దాన్ని ఏ ముఖ్యమంత్రి సంతకమూ తీయలేదు. మంచినీళ్ళు నిలగట్టాలి, ఉప్పు కరిగాక మురుగు కాలవలోకి వదలాలి, మళ్ళీ నిలగట్టాలి, అట్లా ఎన్నిసార్లు చేయాలో. ఎవరో ఒకరు ఆ చేలోకి దిగాలి, గట్టు మీద నిలబడి చేసే పని కాదది.

ఇది నా సొంత తెలివి అనుకునేరు. నాలుగో శతాబ్దంలో ఐగుప్తులోని అలెగ్జాండ్రియాకు బిషప్పుగా ఉన్న అతనాసియస్ సరిగ్గా మీ సారు ప్రశ్ననే ఎత్తుకున్నాడు. పాపమంటే ఒక నేరం మాత్రమే అయితే, పశ్చాత్తాపపడి క్షమించమంటే సరిపోయేది. కానీ మనిషి స్వభావంలోకే క్షయం దిగిపోయింది, చావు లోపల పట్టేసింది, దాన్ని లోపలి నుంచే బాగుచేయాలి అన్నాడు. ఆయన చెప్పిన పోలిక ఇంకోటి ఉంది: పలక మీద గీసిన ఒక మనిషి బొమ్మ మరకలు పడి చెరిగిపోతే ఆ పలకను పారేయరు, ఆ మనిషి మళ్ళీ వచ్చి ఎదురుగా కూర్చుంటే, ఆయన్ని చూసి అదే పలక మీద బొమ్మ తిరగ గీస్తారు. దేవుని పోలికలో చేసిన మనిషి చెరిగిపోయాడు, ఆ పోలిక ఎవరిదో ఆయనే వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. రొయ్యల చెరువు కంటే ఇది బాగుందని ఒప్పుకుంటాను.

అప్పు వైపు నుంచి చూసినవాళ్ళూ ఉన్నారు. కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు ఆన్సెల్మ్ 1098లో పూర్తిచేసిన పుస్తకం పేరే 'దేవుడు మనిషి ఎందుకయ్యాడు' అని. అందులో ఆయన వాదం, తీర్చాల్సిన బాకీ మనిషిది, తీర్చే స్తోమత దేవునికి తప్ప ఎవరికీ లేదు, కాబట్టి దేవుడూ మనిషీ అయిన ఒకరే దాన్ని తీర్చగలరు అని. మన సంఘాల్లో వినపడే ప్రసంగాలు ఎక్కువగా ఈ బాకీ వైపువే. ఉప్పు సంగతి ఎవరూ ఎత్తరు. మీ సారుకు రెండూ చెప్పండి.

*

"మాది కావలి. నా భార్య వైపు వాళ్ళు హిందువులు, ఏటా పెంచలకోన వెళ్తారు. మా మామయ్య గారు 'మీరు చెప్పేది కూడా అవతారమే కదయ్యా' అంటారు. మా పాస్టరు గారేమో అసలు ఆ మాటే అనకూడదంటారు. ఏది నిజం?"
– ఒక బ్యాంకు ఉద్యోగి

ముందు మాట సంగతి. నరావతారం, నరావతారి అని మన తాతల కాలం నుంచి ప్రార్థనల్లో అంటూనే ఉన్నాం కదా, ఇప్పుడు కొత్తగా భయమెందుకు? మద్రాసులో వెంగల్ చక్కరై అనే క్రైస్తవ లాయరు 1920లలోనే అవతారం అనే మాటను ఎంచుకుని మరీ క్రీస్తు గురించి రాశాడు. మాట వాడొచ్చు. వాడుతూ తేడా చెప్పాలి, అంతే.

తేడా చెప్పేటప్పుడు చాలామంది మనవాళ్ళు తొందరపడి చెడగొడతారు. "మీ దేవుళ్ళు ఏడవలేదు, మా యేసు ఏడ్చాడు" అంటారు. మీ మామయ్య గారు రామాయణం తెలిసినవాడైతే ఆ మాటకు నవ్విపోతాడు, సీత కోసం రాముడు ఏడ్చినంతగా ఎవరు ఏడ్చారు? తల్లి కడుపున పుట్టడం, పెరగడం, కష్టపడటం అక్కడా ఉన్నాయి. ఇంటికొచ్చిన అల్లుడిగా మీరు ఆ దారిన పోవద్దు.

నేనైతే రెండు సంగతులు చెబుతాను. గీత నాలుగో అధ్యాయంలో కృష్ణుడు చెప్పేది, సాధువులను కాపాడటానికి, దుష్టులను నాశనం చేయడానికి, ధర్మం నిలబెట్టడానికి యుగయుగానా పుడతానని. పెంచలకోనలో కానీ సింగరాయకొండలో కానీ జనం చేతులెత్తి మొక్కేది ప్రహ్లాదుణ్ణి కాచి హిరణ్యకశిపుణ్ణి చీల్చిన స్వామికి. మత్తయి సువార్తలో యేసు తాను ఎందుకు వచ్చాడో చెప్పే మాట దీని పక్కన పెట్టి చూడండి: పాపులను పిలవడానికి వచ్చాను గానీ నీతిమంతులను పిలవడానికి రాలేదు అంటాడు. ఆ మాట అన్నది ఎక్కడ? పన్నులు వసూలు చేసే మత్తయి ఇంట్లో, నలుగురూ ఛీ అనేవాళ్ళ మధ్య కూర్చుని అన్నం తింటూ. అంటే ఆయన హిరణ్యకశిపుడి కోసం కూడా వచ్చానంటున్నాడన్నమాట. (శరణన్నవాడు ఎంతటివాడైనా రాముడు కాదనడని మీ మామయ్య గారు అంటారు, అదీ నిజమే, వినండి.)

రెండోది, ఈ రాక ఒక్కసారే, పైగా తిరిగి వదిలిపెట్టేది కాదు. ఇది చాలామంది క్రైస్తవులకే తెలియదు. పని అయిపోయాక చొక్కా విప్పినట్టు మనిషి తనాన్ని విప్పేసి వెళ్ళిపోయాడని అనుకుంటారు. సంఘం నమ్మేది అది కాదు. లేచిన తర్వాత కూడా శిష్యులకు చేతులూ కాళ్ళూ చూపించాడు, కాల్చిన చేప ముక్క ఇస్తే వాళ్ళ ఎదుటే తిన్నాడు. క్రీ.శ. 451లో కల్సెదోనులో కూడిన బిషప్పుల సభ తేల్చింది కూడా ఇదే కదా, సంపూర్ణంగా దేవుడు, సంపూర్ణంగా మనిషి, రెండు స్వభావాలూ కలగాపులగం కాకుండా, విడిపోకుండా అని. ఇప్పటికీ మనిషే. నాకైతే క్రిస్మస్‌లో అన్నిటికంటే ఆశ్చర్యం ఇదే.

*

"ఆదాము పాపం చేయకపోయి ఉంటే యేసు వచ్చేవాడా?"
– డిగ్రీ విద్యార్థి, ఒంగోలు

నాయనా, ఏడువందల ఏళ్ళకు పైగా నలుగుతున్న ప్రశ్న వాట్సాప్‌లో ఒక్క లైనులో పంపావు. 1274లో చనిపోయిన థామస్ అక్వినాస్ అనే వేదాంత పండితుడు, లేఖనాలు ఆయన రాకకు కారణంగా పాపాన్నే చూపిస్తున్నాయి కాబట్టి, పాపం లేకపోతే రాక లేదనడమే మేలన్నాడు. ఆయన తర్వాత వచ్చిన ఇంకో పండితుడు డన్స్ స్కోటస్, అంత గొప్ప సంగతి మనిషి తప్పు చేశాడు కాబట్టే జరిగిందంటే ఎట్లా, దేవుడు సృష్టికి ముందే ఇది అనుకున్నాడు, పాపం ఉన్నా లేకపోయినా వచ్చేవాడు అన్నాడు. నా మనసు స్కోటస్ వైపు లాగుతుంది. కాకపోతే పౌలు తిమోతికి రాసింది "పాపులను రక్షించుటకు క్రీస్తుయేసు లోకమునకు వచ్చెను" అని ఉంది, దాని ముందు ఎక్కువ మాట్లాడలేను. పరీక్షలో వస్తే ఇద్దరి పేర్లూ రాయి.

*

"డిసెంబరు 25 నిజమైన తేదీ కాదని యూట్యూబ్‌లో చూశాను, టెన్షన్‌గా ఉంది."
– ఒక పాఠకురాలు, గూడూరు

టెన్షన్ పడొద్దమ్మా. బైబిల్లో తేదీ లేదు. నాలుగో శతాబ్దం నాటికి రోములో ఆ రోజు చేసుకుంటున్నారు, ఆర్మేనియా సంఘం ఇప్పటికీ జనవరి 6న చేసుకుంటుంది. మా నాయనమ్మ పుట్టిన తేదీ ఎవరికీ తెలియదు, అయినా ఆమె పుట్టింది.

*

"మాది కనిగిరి దగ్గర పల్లె. మా అమ్మకు ఫ్లోరైడు నీళ్ళ వల్ల కాళ్ళు వంకరపోయాయి, కూర్చుంటే లేవలేదు. ఇంటికొచ్చి ప్రార్థన చేసేవాళ్ళు 'నీ బాధ ప్రభువుకు తెలుసు' అంటారు. దేవుడికి మోకాళ్ళ నొప్పి ఎట్లా తెలుస్తుంది అయ్యగారూ?"
– ఒక కూతురు

అమ్మా, మీకు జవాబు రాయాలంటే ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. చాలా ఏళ్ళ కిందట మీ వైపే ఒక ఊరికి ప్రార్థనకు వెళ్ళాను. మే నెల. ఒక పెద్దావిడ, కాళ్ళు విల్లులాగా వంగిపోయి ఉన్నాయి, గోడ పట్టుకుని లోపలికి వెళ్ళి స్టీలు గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. గ్లాసు తళతళమని తోమి ఉంది. నా సంచిలో ఒంగోల్లో కొన్న మినరల్ వాటర్ సీసా ఉంది. గ్లాసు చేతిలో పట్టుకుని ఒక్క క్షణం ఆగాను. ఆ క్షణం ఆమె చూసింది. "బోరు నీళ్ళు కాదులే అయ్యగారూ, ట్యాంకరువి, తాగండి" అంది. తాగాను. ఆ తర్వాత నేను ఏం ప్రార్థన చేశానో నాకు గుర్తులేదు, ఆమె మాత్రం ఆమేన్ అంది.

ఒక్క గ్లాసుకు నేను అంత ఆలోచించాను. దేవుడికి అన్నీ తెలుసు అనేది వేరు, ఆయన మన నీళ్ళు తాగి, మన ఎముకలు పెట్టుకుని బతికాడు అనేది వేరు. హెబ్రీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయం ఈ రెండో మాటే చెబుతుంది: పిల్లలు రక్తమాంసాలు గలవాళ్ళు కాబట్టి ఆయన కూడా వాటిలో పాలివాడయ్యాడు. సమరయ బావి దగ్గర అలిసిపోయి కూర్చుని, దాహానికి ఒక పరాయి ఆడమనిషిని నీళ్ళు అడిగాడు. మొదటి రోజుల్లోనే కొందరికి ఇది నచ్చలేదు, దేవుడేంటి, దాహమేంటి, ఆ శరీరం ఒట్టి నీడలాంటిది, నొప్పి నటనే అన్నారు. యోహాను తన పత్రికలో అలాంటి వాళ్ళ మీద ఎంత గట్టిగా మాట్లాడాడో చూడండి, శరీరధారియై వచ్చాడని ఒప్పుకోనిది దేవుని సంబంధమైనది కాదు అనేశాడు. నాలుగో శతాబ్దంలో నజియంజుకు చెందిన గ్రెగొరీ అనే బిషప్పు ఇంకా సూటిగా అన్నాడు: ఆయన ఏది ధరించలేదో అది బాగుపడలేదు. అంటే మనసు ధరించకపోతే మన మనసు బాగుపడదు, మోకాలు ధరించకపోతే మోకాలు మిగిలిపోయింది. మోకాలు అన్నది గ్రెగొరీ కాదు, నేను.

ఇది చదివి అమ్మ లేచి నడవదు. నాకు తెలుసు. శరీరానికి కూడా పునరుత్థానం ఉందని మనం నమ్మేది ఇందుకే, ఆత్మ ఒక్కటే ఎగిరిపోయే మాటైతే ఆయన శరీరంతో లేవాల్సిన పనే లేదు. ఈలోపల మీ ఊరి సంఘం వాళ్ళు ఇంటికొచ్చి ప్రార్థన చేసినట్టే, రక్షిత నీటి సంగతి అడగడానికి అమ్మను ఆటోలో ఎక్కించుకుని ఆఫీసు దాకా వస్తారేమో కూడా అడగండి. ఇదీ ప్రార్థన కిందికే వస్తుంది.

*

"నేను పెద్దగా చదువుకోలేదు. తప్పయితే క్షమించండి. ఆయన చనిపోవడానికే పుట్టాడంటారు కదా. అట్లయితే బేత్లెహేములో హేరోదు పసిపిల్లల్ని చంపించినప్పుడే చనిపోయుంటే సరిపోయేది కదా? దేవదూత వచ్చి ఐగుప్తుకు పారిపొమ్మని ఎందుకు చెప్పాలి? ముప్పై ఏళ్ళు ఆ పల్లెలో ఊరికే ఎందుకు ఉండాలి? నాకు పెళ్ళై ముప్పై ఏళ్ళు. పొగాకు కూలికి పోయి, వచ్చి వండి, పిల్లల్ని పెంచి, ఇదే. అందుకని అడిగాను."
– ఒక పాఠకురాలు, కొండపి

తప్పా? ఈ ఉత్తరాన్ని మూడుసార్లు చదివాను. ముప్పై ఏళ్ళుగా ప్రసంగాలు చేస్తున్నాను, ఈ ప్రశ్న నాకు తట్టలేదు.

చావు ఒక్కటే కావాలంటే హేరోదు కత్తి సరిపోయేది. నిజమే. మరి మత్తయి రాశాడు, యోసేపు రాత్రికి రాత్రి తల్లినీ బిడ్డనూ తీసుకుని పారిపోయాడని. లూకా రాశాడు, బోధ మొదలుపెట్టేటప్పటికి దాదాపు ముప్పై ఏళ్ళని. ఆ మధ్యలో మనకు తెలిసింది పన్నెండేళ్ళప్పుడు దేవాలయంలో తప్పిపోయిన సంగతి ఒకటి, అంతే. మిగతాదంతా నజరేతులో చెక్కపని. తర్వాత ఆయన సమాజమందిరంలో నోరు తెరిచి మాట్లాడితే ఆ ఊరివాళ్ళు నోరెళ్ళబెట్టి "వడ్లవాడు కాడా?" అన్నారని మార్కు రాశాడు. ఈ మాటను నేనెప్పుడూ వాళ్ళ అవిశ్వాసం కిందే చెబుతూ వచ్చాను. మీ ఉత్తరం చదివాక ఇంకోలా వినపడుతోంది. ముప్పై ఏళ్ళు పక్కింట్లో ఉన్నా వాళ్ళకు ఆయనలో వింత ఏమీ కనపడలేదన్నమాట! తలుపు బిగించాడు, నాగలి చెక్కాడో ఏమో, కూలి తీసుకున్నాడు. అంత మామూలుగా బతికాడు.

రెండో శతాబ్దంలో లియోన్ బిషప్పు ఐరేనియస్ దీని గురించే రాశాడు. ఆయన పసివాళ్ళ కోసం పసివాడయ్యాడు, పిల్లల కోసం పిల్లాడయ్యాడు, యువకుల కోసం యువకుడయ్యాడు, ప్రతి వయసులోంచి నడిచి ప్రతి వయసునూ పరిశుద్ధం చేశాడు అని. సిలువ దగ్గర ఉన్నట్టుండి రక్షణ మొదలవలేదు, మరియ చంక ఎక్కినప్పటి నుంచీ జరుగుతూనే ఉంది. ఆదాము ఎక్కడెక్కడ తప్పిపోయాడో అక్కడక్కడా ఈయన సరిగ్గా నడుచుకుంటూ వచ్చాడు: అమ్మ మాట వినడంలో, పనిలో, అలసటలో, చేసిన దానికి ఎవరూ బాగుందనకపోవడంలో. సిలువ ఆ నడకకు చివర ఉంది, దాన్ని తక్కువ చేసి మాట్లాడటం లేదు, దారి లేకుండా చివర ఎట్లా వస్తుంది అంటున్నాను.

మన జిల్లా సంగతి ఒకటి చెబుతాను. ఒంగోలు బాప్టిస్టులం అమెరికా నుంచి వచ్చిన మిషనరీ క్లౌ దొర పేరెత్తితే చాలు 1878 జూలై 3 అంటాం, గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం అంటాం, ఆ అంకె పిల్లలకు కూడా నోటికొచ్చు. అంతకు ముందు 1876 నుంచి 78 దాకా కరువు, జనం పిట్టల్లా రాలిపోతుంటే ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్ళకు పనీ కూలీ ఇప్పించాడు. అన్నం కోసం మతంలోకి వచ్చారనే మాట రాకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. అంకె గుర్తుంది మనకు, పార పట్టిన నెలలు మర్చిపోయాం. ఆ కాలువలో మట్టి మోసిన ఆడవాళ్ళ పేర్లు ఎవరి దగ్గరా లేవు. యేసు విషయంలోనూ అదే చేస్తున్నాం, మూడు రోజులు గుర్తుపెట్టుకుని ముప్పై ఏళ్ళు వదిలేశాం.

మీరు పొగాకు కూలి అన్నారు. బ్యారన్ (పొగాకు కాల్చే కొట్టం) దగ్గర ఆకు కర్రలకు కుట్టేటప్పుడు చేతులకు పట్టే ఆ నల్లటి జిగురు, సబ్బుకు పోదు, అన్నం కలుపుకుంటే చేదు. చిన్నప్పుడు మా అమ్మ చేతి ముద్ద అదే రుచి ఉండేది, అందుకని తెలుసు. వడ్లవాడి చేతికీ ఏదో ఒక బంక అంటుకునే ఉంటుంది. ఆ చేతులతోనే ఆయన తర్వాత కుష్ఠరోగిని ముట్టాడు, పిల్లలను ఎత్తుకున్నాడు, రొట్టె విరిచాడు. మీ ముప్పై ఏళ్ళు ఊరికే పోయాయా అని మీరు అడగలేదు కానీ, అడిగింది అదేనని నాకనిపించింది. ఆయన ముప్పై ఏళ్ళు ఊరికే పోయి ఉంటే మీవీ పోయినట్టే. అవి పోలేదు.

ఉత్తరం చివర మీరు ఇంకో మాట రాశారు, స్త్రీల సమాజంలో ఇది అడిగితే పాస్టరు గారు కోప్పడతారేమోనని. కోప్పడరు. అయినా ప్రసంగం మధ్యలో అడగొద్దు, అయ్యాక టీ ఇచ్చేటప్పుడు మెల్లగా హేరోదు సంగతి ఎత్తండి. ఆయన ఏం జవాబిచ్చాడో మాత్రం నాకు రాయాలి.